ఇంటి హక్కు విడిచి వ్రాయుట

మా తండ్రిగారు 2011వ సంవత్సరమున కాలము చేసిరి. తెనాలిలో తన జీతపు డబ్బుతో కొన్న అయిదు సెంట్ల స్థలమును, అందు కట్టించిన పెంకుటింటిని మాకు మిగిల్చి, వీలునామా మాత్రము వ్రాయకుండ వెళ్లిపోయిరి. మిగిలినవారము నలుగురము: మా అమ్మ, మా అక్క, నేను, మా చెల్లెలు. ఇంటి పైకప్పు పాడై యుండెను. బాగుచేయించుటకు బ్యాంకులో అప్పు కావలసివచ్చినది. ఇల్లు ఒక్కరి పేరనున్నచో పని సులభమని బ్యాంకువారనిరి. నేను వృత్తిచేత న్యాయవాదిని. ఇట్టి పత్రములు వందలకొలది వ్రాసినవాడను. ఒక సాయంకాలము కూర్చుండి, అమ్మయు అక్కాచెల్లెండ్రును తమ హక్కులను నాకు విడిచినట్లు రెండు పుటల హక్కు విడుదల పత్రము వ్రాసితిని. పెద్దకర్మకు వచ్చిన మా అక్క రాజమండ్రికి తిరిగి పోకముందే సంతకము చేయించుకొన్నచో ఒక పని తీరునని నా తలంపు.

మా అక్క చదువు ఎనిమిదవ తరగతితో ఆగినది. నేను వ్రేలుపెట్టి చూపిన చోట ఆమె సంతకము చేయుననుకొంటిని. ఆమె కండ్లజోడు తెప్పించుకొని పత్రమును మొదటినుండి చదివినది. చదివి, ఒక వాక్యము దగ్గర ఆగినది.

"ఒరే తమ్ముడూ! 'వివాహకాలమున పసుపు కుంకుమల క్రింద ముట్టవలసినది ముట్టినందున ఈ యింటియందు నాకెట్టి హక్కును లేదు' అని రాశావు. హక్కే లేకపోతే నా సంతకం నీకెందుకురా?"

అప్పటికి నా వృత్తికి ఇరువది రెండేండ్లు. అంత చిన్న ప్రశ్నతో నన్ను నిలిపివేసిన న్యాయమూర్తి లేడు. ఆ వాక్యము నేను ఆలోచించి వ్రాసినది కాదు. పూర్వపు పత్రములనుండి చేతికి అలవాటైపోయి, కలము తనంత తాను వ్రాసినది. మన దస్తావేజులలో ఇట్టి వాక్యములు చాల కలవు. వాటిని వ్రాయువారు చదువరు, సంతకము చేయువారు అంతకన్న చదువరు.

ఆమె ప్రశ్నకు చట్టమిచ్చు సమాధానము మిక్కిలి స్పష్టము. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము 8వ సెక్షను ననుసరించి, వీలునామా లేకుండ మరణించిన పురుషుని స్వార్జితము అతని తల్లికిని, భార్యకును, కుమారులకును, కుమార్తెలకును సమముగ చెందును. కుమార్తెకు పెండ్లియైనదా లేదా అని ఆ సెక్షను అడుగదు. కట్నమెంత యిచ్చిరనియు అడుగదు. మా నాయనమ్మ అంతకుముందే గతించినది గావున, మా యింటిలో నలుగురికిని తలకొక నాలుగవ వంతు. ఆడపిల్లలకు ఆస్తిహక్కు నిన్నమొన్న వచ్చినదని అనుకొనువారు నేటికిని కలరు. తండ్రి స్వార్జితమున ఆ హక్కు 1956నుండియు ఉన్నది. ఐతే ఆ చట్టమునందే 23వ సెక్షను ఒక తలుపు గొళ్లెము వేసి యుంచెను: కుటుంబమువారు కాపురముండు ఇంటిని మగ వారసులు పంచుకొనదలచినప్పుడే గాని ఆడ వారసులు పంపిణీ కోరరాదు. హక్కు ఆమెదే, అడుగుటకు మాత్రము వీలులేదు. ఆ గొళ్లెమును 2005లో తీసివేసిరి.

పిత్రార్జితము సంగతి వేరు. అందు మన ఆంధ్రదేశము ముందడుగు వేసి, 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అమలునకు వచ్చునట్లు చేసిన చట్టముచేత, అప్పటికి పెండ్లి కాని కుమార్తెలకు కుమారులతో సమానముగ పుట్టుకతో హక్కు కల్పించినది. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి కేంద్రచట్టము పెండ్లియైనవారికిని ఆ హక్కు నిచ్చెను. ఆ నాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని 2020లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20వ తేదీకి ముందు జరిగిపోయిన పంపకములు మాత్రము కదలవు.

కావున మా అక్కకు హక్కున్నది. ఉన్నదిగనుకనే నాకామె సంతకము కావలసివచ్చినది. లేదని వ్రాయించుకొని, లేని దానిని పుచ్చుకొనుటకు సంతకము పెట్టించుకొనబోయితిని.

విడుదల పత్రము స్వభావమును ఇక్కడ కొంచెము చెప్పవలెను. విక్రయ పత్రములో అమ్మువాడు, ఇల్లు తనదేయనియు, రేపెవరైన తగవునకు వచ్చినచో తాను పూచీపడుదుననియు చెప్పును. విడుదల పత్రములో ఆ పూచీ లేదు. "ఇందులో నాకేమున్నదో దానిని నీకు విడిచితిని" అని మాత్రమే దాని అర్థము. నాలుగవ వంతున్నచో నాలుగవ వంతు పోవును. ఏమియు లేనిచో ఏమియు పోదు, పుచ్చుకొన్నవానికి కాగితము మిగులును. మరియు, విడుదల సామాన్యముగ ఆ ఆస్తిలో ఇదివరకే పాలున్నవానికే చేయదగినది. నా పాలునకు నా సోదరి పాలు వచ్చి కలియును. పరాయివానికి ఇల్లు అమ్మి, స్టాంపు ఖర్చు తగ్గునని దానికి విడుదల యని పేరుపెట్టువారు కలరు. పేరు చూచి మోసపోవలదని న్యాయస్థానములు చెప్పినవి. పత్రములోని మాటలను బట్టి అది విక్రయమో దానమో నిర్ణయింతురు. స్టాంపు అధికారులును అట్లే నిర్ణయింతురు.

ఈ కాగితము ఇంగ్లీషువారికి బహుపురాతనము. 1189వ సంవత్సరమున ఇంగ్లండు రాజు రిచర్డు మతయుద్ధమునకు పోవుచు ధనము చాలక, స్కాట్లండు రాజు విలియముపై తన తండ్రి సంపాదించిన అధీశత్వమును పదివేల మార్కుల వెండి పుచ్చుకొని విడిచిపెట్టెను. కాంటర్‌బరీలో జరిగిన ఆ విడుదలను చరిత్రకారులు క్విట్‌క్లెయిమనియే పిలుతురు. రాజ్యములకు పనికివచ్చిన ఆ పేరే నేడు అమెరికాలో ఇండ్లకు పనికివచ్చుచున్నది.

ఆ సంగతి నాకు మా చెల్లెలి మూలమున తెలిసినది. ఆమె అమెరికాలో కాపురమున్నది. నేను ఫోనులో ఈ పత్రమును గూర్చి చెప్పగా, "ఓస్, ఇదేనా అన్నయ్యా! ఇక్కడ క్విట్‌క్లెయిం డీడంటారు. మా ఆయన పెళ్లికి ముందు కొన్న ఇంట్లో నా పేరు చేర్చింది దానితోనే. ఒక్క పేజీ!" అనినది. నిజమే. అక్కడ భార్యాభర్తల నడుమను, విడాకులైనవారి నడుమను, అన్నదమ్ముల నడుమను ఇంటిపేరు మార్చుటకు అది వాడుక. ఇచ్చువాడు నోటరీ యెదుట సంతకము చేయును. ఆ కౌంటీ కార్యాలయమున దానిని దాఖలు చేయుదురు. అందును పూచీ యేమియు లేదు. మన తెలుగువారు అక్కడ తెలిసికొనవలసిన సంగతి మరియొకటి కలదు. ఆ పత్రము ఇంటిని మార్చును గాని అప్పును మార్చదు. విడాకుల సమయమున భర్తకు ఇల్లు విడిచి వ్రాసిన స్త్రీ, బ్యాంకు అప్పుపత్రముపై తన సంతకమున్నంతవరకు ఆ అప్పునకు బాధ్యురాలే. ఇల్లు పోయి అప్పు మిగులుట యనగా నిదియే. ఇంటి యజమాని మారినచో అప్పంతయు వెంటనే కట్టుమను షరతు అక్కడి తాకట్టు పత్రములలో సామాన్యముగ నుండును. భార్య పేరు చేర్చినంతమాత్రమున ఆ షరతును ప్రయోగింపరాదని 1982వ సంవత్సరపు అక్కడి చట్టము మినహాయించినది గావున మా చెల్లెలి యింటికి చిక్కు రాలేదు.

మన దేశమున ఒక్క పుటతోను నోటరీ ముద్రతోను పని తీరదు. నూరు రూపాయలు గాని అంతకు మించి గాని విలువగల స్థిరాస్తిపై హక్కును పోగొట్టు పత్రమేదైనను రిజిస్టరు కావలెనని 1908వ సంవత్సరపు చట్టము శాసించుచున్నది. నేడు నూరు రూపాయల ఇల్లెక్కడను లేదు గావున, ప్రతి విడుదల పత్రమును రిజిస్టరు కావలసినదే యని గ్రహింపవలెను. సంతకమైన నాలుగు నెలలలోపున ఇల్లున్న ప్రాంతపు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున దాఖలు చేయవలెను. తెల్లకాగితముమీద పెద్దమనుష్యుల యెదుట "నాకేమియు అక్కరలేదు" అని వ్రాయించుకొని ఇరువది యేండ్లు బీరువాలో దాచుకొన్నవారిని నేనెరుగుదును. ఆ కాగితముచేత హక్కు మారదు. మునిసిపాలిటీ పన్ను పుస్తకములో పేరు మారినంతమాత్రమునను మారదు. పన్నెవరు కట్టవలెనో ఆ పుస్తకము చెప్పును గాని, ఇల్లెవరిదో చెప్పదు.

మా చెల్లెలు అందుకొరకై విమానమెక్కి రానక్కరలేకపోయినది. విదేశమందున్నవారు అచటి నోటరీ యెదుటనో మన కాన్సలు యెదుటనో ముక్త్యారునామా వ్రాసి ధ్రువీకరింపజేసి పంపవచ్చును. అది ఇక్కడికి చేరిన మూడు నెలలలోపున స్టాంపు చేయించవలెను. మా చెల్లెలు మా మేనమామ పేర వ్రాసి పంపినది. నా పేరనే వ్రాయుదునన్నది గాని నేను వలదంటిని. పుచ్చుకొనువాడే ఇచ్చువారి తరపున సంతకము చేసినచో, రేపు ఆ పత్రమును చూచినవాడెవడును నన్ను పెద్దమనుష్యుడనడు. అక్క ప్రశ్న నాలో పనిచేయుట అప్పటికే మొదలైనది.

ఇంతలో మా అక్క పత్రము రెండవ పుటకు వచ్చినది. అక్కడ మరియొకమారు ఆగినది.

"అమ్మ భాగం కూడా నీకే రాయించావే! రేపు ఈ ఇల్లు అమ్మితే అమ్మ ఎక్కడుంటుంది?"

"నేనమ్ముతానా అక్కా?"

"నువ్వమ్మవు. నీ అప్పులవాళ్లు అమ్మితేనో? నీ తరవాతివాళ్ల సంగతి నీకేం తెలుసు?"

అమ్మ గోడకానుకొని వినుచున్నది. "వాడేం పెడితే అది తింటాను, సంతకం ఎక్కడ చేయమంటే అక్కడ చేస్తాను" అనినది. భర్త పోయి పదునాలుగు దినములైన స్త్రీ అంతకన్న వేరేమనును? నా కక్షిదారులలో ఎందరో తల్లులు ఆ మాటనే అనుట విని, అది సమ్మతి యని వ్రాసికొన్నవాడను నేను. "నా పూర్తి సమ్మతితో, ఎవరి బలవంతమును ప్రేరేపణయును లేకుండ" అని ప్రతి పత్రము చివరను వ్రాయుదుము. ఆ వాక్యము సత్యమగుటకు, పత్రము వ్రాసిన దినమేది, సంతకము చేయువారు ఎట్టి స్థితిలో నున్నారు అనునవి కూడ చూడవలెనని నాకప్పటికి తోచలేదు.

ఏలయన, రిజిస్టరైన విడుదలను ఇచ్చినవారు తరువాత మనసు మారి తమంతట తాము రద్దుచేయజాలరు. మోసమో, ఒత్తిడియో జరిగినదని సివిలు కోర్టులో దావా వేసి రుజువు చేయవలెను. ఆ సంగతి తెలిసిన నాటినుండి మూడేండ్లలోపున వేయవలెను. వృద్ధురాలైన తల్లి కన్నకొడుకుపై దావా వేయుట యెట్టిదో నేను కోర్టు వరండాలలో చూచితిని. పత్రము చెల్లదని తీర్పు వచ్చిన తరువాత కూడ ఆమె పోవలసినది ఆ యింటికే.

నేనా రెండు పుటలను చింపివేసితిని. మూడు మాసములు గడచిన పిమ్మట, సంక్రాంతికి అందరము కలిసినప్పుడు, క్రొత్త పత్రము వ్రాసితిని. అమ్మ నాలుగవ వంతు అమ్మకే యుంచితిని. అక్క వాక్యమిట్లు మారినది: "మా తండ్రిగారి అనంతరము వారసత్వముచేత నాకు సంక్రమించి నాకు పూర్తి హక్కుగల నాలుగవ వంతును, నా తమ్మునియందు గల ప్రేమచేత, ప్రతిఫలమేమియు పుచ్చుకొనకుండ అతనికి విడిచితిని." నేను సొమ్ము ఇత్తునంటిని. ఆమె వలదనినది. ఐతే పసుపు కుంకుమల మాట మాత్రము తీయవలెనని పట్టుపట్టినది. "ఉన్నది ఇచ్చానని నా పిల్లలు చదువుకోవాలిరా, లేక ఊరుకున్నానని కాదు" అనినది. న్యాయవాది దృష్టితో చూచినను ఆమె వాక్యమే మేలు. హక్కు లేదని చెప్పిన పత్రముచేత ఏమి సంక్రమించినదని ఎదుటి పక్షమువాడు వాదించుటకు వీలుండును. హక్కెట్లు వచ్చినదో, ఎంతయో, ఎవరికి విడిచిరో స్పష్టముగ చెప్పిన పత్రమున ఆ సందు లేదు. ఎవరికి అనునది వ్రాయక "హక్కు వదలుకొంటిని" అని ఊరకున్న పత్రముచేత ఆ పాలు మిగిలిన భాగస్థులలో ఎవరికి ఎంత చేరినదని అన్నదమ్ములు కొట్లాడిన వ్యాజ్యములు నేను నడిపితిని.

రిజిస్ట్రారు కార్యాలయమున అక్క ఫోటో తీసికొని, వ్రేలిముద్రలు వేయించిరి. గుమాస్తా పత్రము చదివి, "పసుపు కుంకుమల క్లాజు మరచినట్లున్నారండి" అనెను. మా అక్క అతనివంక చూచినది. అతడు మరి మాటాడలేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమెయు సంతకము చేయవలసి యున్నచో ఆ మేడమెట్లు ఎక్కవలసి వచ్చెడిది కదా యని అప్పుడు తోచినది. నిజమునకు కదలలేని రోగులు, వృద్ధులు కార్యాలయమునకు రానక్కరలేదు. దరఖాస్తు చేసినచో అధికారి ఇంటికే రావచ్చునని చట్టమున్నది. ఈ సౌకర్యము ఉన్నదని తెలియక మంచముతో సహా మోసికొనివచ్చువారిని చూచి నాకు చాలమారులు బాధ కలిగినది.

బ్యాంకువారు అమ్మ కూడ తాకట్టు పత్రముపై సంతకము చేసినచో చాలుననిరి. మొదట ఎంతమాత్రమును కుదరదన్నవారే. ఆ పత్రమును అమ్మకు అక్షరమక్షరము చదివి వినిపించినది మా అక్కయే. అప్పు తీరినది. కాగితములు తిరిగి వచ్చినవి.

ఇంకొక మాట. తండ్రి బ్రతికియుండగనే, అతని స్వార్జితమున రేపు వచ్చు పాలు మాకక్కరలేదని బిడ్డలచేత వ్రాయించుకొనువారు కలరు. రాబోవు వారసత్వమను ఆశను బదిలీ చేయుటకు వీలులేదని 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 6వ సెక్షను చెప్పుచున్నది. చేతిలో లేనిదానిని విడుచుటెట్లు? సొమ్ము పుచ్చుకొని అట్లు వ్రాసినచో పిమ్మట మాట తప్పరాదను వాదము పుట్టుననుట నిజమే గాని, అది వ్యాజ్యమునకు దారి, శాంతికి కాదు. తండ్రికి అంత పట్టుదల యున్నచో వీలునామా వ్రాయుట అతని చేతిలోని పని. అట్లే మైనరు బిడ్డల పాలును తల్లిగాని తండ్రిగాని కోర్టు అనుమతి లేకుండ విడిచి వ్రాసినచో, ఆ బిడ్డ పెద్దవాడైన పిమ్మట దానిని కాదనవచ్చును. వితంతువైన కోడలిచేత ఆమెకును బిడ్డలకును కలిపి ఒక్క సంతకము చేయించుకొను మామలు, బావలు ఈ సంగతి నెరుగవలెను. ఆ కోడలు ఇంకను ముందుగ నెరుగవలెను.

మా అమ్మ 2019లో వెళ్లిపోయినది. ఆమెయు వీలునామా వ్రాయలేదు. ఆమె నాలుగవ వంతు మా మువ్వురికి సమముగ వచ్చినది. మా అక్క వ్రాసిన విడుదల ఆ నాడామెకున్న పాలునకే గాని, ఏడేండ్ల తరువాత అమ్మనుండి వచ్చిన పాలునకు చెల్లదు. కావున నేడా యింటిలో పండ్రెండింట పది పాళ్లు నావి, ఒక పాలు చెల్లెలిది, ఒక పాలు మా అక్కది. అయిదు సెంట్లనగా 242 చదరపు గజములు. అందు పండ్రెండవ వంతు ఇరువది గజములకు కొంచెము మించును.

ఆ పాలునకు విడుదల పత్రము నేనడుగలేదు. ప్రతి వేసవియందును అక్క వచ్చి నెలదినములుండును. తూర్పుగదిలో పండుకొనును. పోయిన యేడు ఆమె నవ్వుచు టేపు తెప్పించి ఆ గదిని నాచేతనే కొలిపించినది. పండ్రెండడుగుల చదరము, అనగా పదునారు గజములు. మిగిలిన నాలుగు గజములు వసారాలో చూపుమనినది. చూపితిని. అక్కడ ఇప్పుడామె మల్లెపాదు పెట్టినది.